పంతొమ్మిదేళ్ల మిడ్‌ఫీల్డర్ లోన్ మీద వెళ్లాలా?

మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీ తమ్ముడికి 19 ఏళ్లు, మైదానం మధ్యలో ఆడే మిడ్‌ఫీల్డర్, ఫుట్‌బాల్ క్లబ్ అకాడమీలో పెరిగాడు, నిరుడు మొదటి ప్రొఫెషనల్ కాంట్రాక్ట్ మీద సంతకం చేశాడు. ఈ సీజన్ సగం గడిచేసరికి సబ్‌స్టిట్యూట్‌గా నాలుగుసార్లు దిగాడు, అన్నీ కలిపినా గంట ఆట లేదు. ఇప్పుడు క్లబ్ వాళ్లు కింది డివిజన్ జట్టుకి ఆరు నెలలు లోన్ మీద, అంటే కాంట్రాక్ట్ ఇక్కడే ఉంచుకుని అక్కడ ఆడి రావడానికి, వెళ్లమంటున్నారు. ఇంట్లో అందరికీ అది వదిలించుకోవడంలా కనిపిస్తోంది, ఏజెంట్ మాత్రం వెళ్లమంటున్నాడు, అబ్బాయికి రాత్రిళ్లు సరిగ్గా నిద్ర పట్టడం లేదు.

నేను పదకొండేళ్లు మిడ్‌ఫీల్డ్‌లో ఆడాను, ఎక్కువ భాగం రెండో డివిజన్‌లో. ఆ తర్వాత తొమ్మిదేళ్లుగా 17 నుంచి 21 ఏళ్ల మధ్య కుర్రాళ్లకి కోచ్‌గా ఉన్నాను. వాళ్లలో చాలామందిని లోన్ మీద పంపాను, కొందరు నిలదొక్కుకున్నారు, కొందరికి ఏడాది వృథా అయింది. అందుకని సూటిగానే చెబుతాను. వెళ్లనివ్వండి. కాకపోతే సంతకానికి ముందు ఒక్క సంగతి తేల్చుకోండి: అక్కడి కోచ్ మీ తమ్ముణ్ణి ఏ స్థానంలో ఆడించడానికి కావాలన్నాడు? దానికి తడబాటు లేని జవాబు దొరికితే డివిజన్ ఎంత కిందిదైనా పరవాలేదు. దొరక్కపోతే పై డివిజన్ జట్టు పిలిచినా వద్దు.

ముందు ఇంట్లో వాళ్ల బాధ గురించి. గంట కూడా ఆడించలేదంటే నమ్మకం లేనట్టే కదా అని మీ నాన్నగారు అన్నారని రాశారు. ఆయన అలా అనుకోవడంలో తప్పేమీ లేదు, కానీ మిడ్‌ఫీల్డర్ విషయంలో ఆ లెక్క సరిపోదు. పక్క గీత వెంబడి ముందుకెళ్లి ఆడే వింగర్ కుర్రాణ్ణి ఓడిపోతున్న మ్యాచ్‌లో చివరి పావుగంట దించడం ఏ కోచ్‌కైనా తేలిక. అతను బంతి పోగొట్టుకుంటే గీత పక్కన, అవతలి గోల్‌కి దగ్గరలో పోతుంది, వెనక ఇంకా ఏడెనిమిది మంది మనవాళ్లు ఉంటారు. అదే మైదానం నడిమధ్యలో, జట్టంతా ముందుకి కదులుతున్న సమయంలో ఒక్క పాస్ తప్పితే, పక్కల కాసే డిఫెండర్లు, అంటే ఫుల్‌బ్యాక్‌లు, ఇద్దరూ పైకి వెళ్లిపోయి ఉంటారు, మధ్యలో కాసే సెంటర్‌బ్యాక్‌లు దూరం దూరంగా ఉంటారు, నాలుగైదు సెకన్లలో బంతి మన గోల్ ముందుకొచ్చేస్తుంది. ఆ భయంతోనే కోచ్‌లు ఆ స్థానంలో ముప్ఫై ఏళ్లవాళ్లని పెట్టుకుంటారు, కుర్రాడి కంటే నెమ్మదిగా ఉన్నా సరే. నేను కూడా అలాగే చేశాను. బెంచ్ మీద కూర్చున్న కుర్రాడు బాగా ఆడతాడని తెలిసీ, వచ్చే ఆదివారం గెలవకపోతే నా ఉద్యోగం ఉండదని తెలిసీ, అనుభవం ఉన్నవాడినే దించాను. మీ తమ్ముడి కోచ్ మనసులో కూడా అదే లెక్క ఉండి ఉండొచ్చు.

ఐదుగురు సబ్‌స్టిట్యూట్‌లని అనుమతించే నిబంధన 2020లో తాత్కాలికంగా వచ్చి 2022లో స్థిరపడింది. దాంతో కుర్రాళ్లకి మైదానంలో కాలుపెట్టే అవకాశం పెరిగిన మాట నిజమే. కానీ 84వ నిమిషంలో దిగిన మిడ్‌ఫీల్డర్ చేసే పని ఏమిటి? ఆధిక్యంలో ఉంటే పరిగెత్తి ప్రత్యర్థిని అడ్డుకోవడం, వెనకబడి ఉంటే పొడుగు బంతుల కింద ఎగరడం. ఆట వేగాన్ని పట్టుకోవడం, తగ్గించడం, మళ్లీ పెంచడం ఆ ఆరు నిమిషాల్లో రాదు. మొదటి పావుగంటలో మూడు పాస్‌లు తప్పాక కూడా మళ్లీ బంతి అడగడం అనేది మొదటి నిమిషం నుంచి ఆడినవాడికే అలవాటవుతుంది. నేను లోన్‌ని సమర్థించేది అందుకే.

ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే మిడ్‌ఫీల్డర్ అంటే పాస్‌లు బాగా ఇచ్చేవాడని చాలామంది అనుకుంటారు. పాస్ ఇవ్వడం అకాడమీ కుర్రాళ్లందరికీ వచ్చు. తేడా అంతా బంతి కాలికి తగలక ముందే ఉంటుంది. నార్వే పరిశోధకుడు గెయిర్ యోర్డెట్ ఏళ్ల తరబడి చేసిన పని ఇదే: బంతి అందే ముందు కొద్ది సెకన్లలో ఆటగాడు ఎన్నిసార్లు తల తిప్పి చుట్టూ చూస్తున్నాడో వీడియోల్లో లెక్కపెట్టాడు. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ మిడ్‌ఫీల్డర్లలో ఎక్కువసార్లు చూసేవాళ్ల పాస్‌లే ఎక్కువగా సరైన చోటికి చేరుతున్నాయని తేలింది. బార్సిలోనా మిడ్‌ఫీల్డర్ షావి తల ఒక్క క్షణం కూడా నిలకడగా ఉండేది కాదు, పాత మ్యాచ్ ఏదైనా పెట్టి బంతిని వదిలేసి అతన్ని మాత్రమే చూడండి, మీకే తెలుస్తుంది. మా కుర్రాళ్లతో నేను కూడా ఇదే చేయిస్తాను. వాళ్ల మ్యాచ్ వీడియోలో వాళ్లకి బంతి అందిన ప్రతిసారీ అంతకు ముందు ఎన్నిసార్లు చుట్టూ చూశారో వాళ్లచేతే లెక్క రాయిస్తాను. తమాషా ఏమిటంటే ట్రైనింగ్‌లో మూడు నాలుగుసార్లు చూసే కుర్రాడు పెద్దవాళ్ల మ్యాచ్‌లో మొదటి ఇరవై నిమిషాలు ఒక్కసారి కూడా చూడడు. టెన్షన్‌లో కళ్లు బంతికే అతుక్కుపోతాయి. దాన్ని విడగొట్టేది ఏ డ్రిల్లూ కాదు, మ్యాచ్‌ల మీద మ్యాచ్‌లు ఆడటమే, నా అనుభవంలో పది పన్నెండు మ్యాచ్‌లు పూర్తిగా ఆడాక గానీ ఆ పట్టు వదలదు. మీ తమ్ముడు రిజర్వ్ జట్టు మ్యాచ్‌లు ఆడుతున్నాడు కదా అంటారేమో, వాటిలో పాయింట్లకి పెద్ద విలువ ఉండదు, గ్యాలరీ ఖాళీగా ఉంటుంది, అవతలి వాడు కూడా ఇలాంటి కుర్రాడే. కింది డివిజన్‌లో ఇంటి అద్దె కోసం ఆడే ముప్ఫై రెండేళ్ల మనిషి వెనకనుంచి వచ్చి గుద్దుతాడు. అప్పుడు తల తిప్పి చూడటం దానంతట అదే వస్తుంది.

లోన్ అంటే పరువు తక్కువ అనుకునేవాళ్లకి నేను ఎప్పుడూ క్రొయేషియా మిడ్‌ఫీల్డర్ లూకా మోడ్రిచ్ సంగతే చెబుతాను. అతని క్లబ్ దినామో జాగ్రెబ్ అతన్ని 18 ఏళ్లప్పుడు బోస్నియాలోని జ్రిన్స్కీ మోస్తార్‌కి లోన్ మీద పంపింది. సన్నటి పిల్లవాడు, ఆ లీగ్ ఏమో మొరటు ఆటకి పేరుపడింది. అక్కడ ఆడగలిగినవాడు ఎక్కడైనా ఆడగలడని తర్వాత అతనే చెప్పాడు. ఆ మరుసటి సీజన్ ఇంకో లోన్, ఈసారి క్రొయేషియాలోనే ఇంటర్ జాప్రెషిచ్‌కి. అప్పటికి గానీ దినామో మొదటి జట్టులో చోటు దొరకలేదు. 2008లో టోటెన్‌హామ్, 2012లో రియల్ మాడ్రిడ్, 2018లో ప్రపంచ ఉత్తమ ఆటగాడికిచ్చే బాలన్ డోర్ అంతా ఆ తర్వాతి కథ. ఫ్రాన్స్ మిడ్‌ఫీల్డర్ ఎన్‌గోలో కాంటే అయితే లోన్ కూడా కాదు, 2012-13లో బులోన్ తరఫున ఫ్రాన్స్ మూడో డివిజన్‌లో ఆడాడు, 21 ఏళ్ల వయసులో. 2016లో లెస్టర్‌తో ఇంగ్లండ్ చాంపియన్, 2018లో ప్రపంచ కప్. వీళ్లలాగే మీ తమ్ముడూ అవుతాడని నేను అనడం లేదు. 19 ఏళ్లకి కింది డివిజన్‌లో ఆడటం వల్ల ఎవరికీ దారి మూసుకుపోదు అని మాత్రం అంటున్నాను.

లోన్ బెడిసికొట్టడం కూడా జరుగుతుంది, అది దాచిపెట్టి మీకు సలహా ఇవ్వను. రెనాటో సాంచెస్ 2016 యూరో కప్‌లో పోర్చుగల్ గెలిచినప్పుడు ఉత్తమ యువ ఆటగాడు. అప్పటికి 18 ఏళ్లు, ఆ వేసవిలోనే బెన్ఫికా నుంచి బయర్న్ మ్యూనిక్‌కి వెళ్లాడు. అక్కడ ఆడే అవకాశం పెద్దగా రాలేదు, 2017లో ఇంగ్లండ్‌లోని స్వాన్సీకి లోన్ మీద పంపారు. అక్కడి కోచ్ పాల్ క్లెమెంట్ అంతకు ముందు బయర్న్‌లో సహాయ కోచ్, కుర్రాణ్ణి దగ్గరనుంచి చూసినవాడు. చూడటానికి అన్నీ కుదిరినట్టే ఉన్నాయి. కానీ జట్టు అట్టడుగున కొట్టుకుంటోంది, డిసెంబర్‌లో క్లెమెంట్‌ని తీసేశారు, సాంచెస్‌ని గాయాలు కూడా వెంటాడాయి, సీజన్ చివరికి స్వాన్సీ కింది డివిజన్‌కి పడిపోయింది. ఆ అబ్బాయి మళ్లీ నిలదొక్కుకున్నది ఫ్రాన్స్‌లో లీల్ జట్టుకి వెళ్లాకే. దీన్నిబట్టి నేను చూసుకునేవి రెండు. డివిజన్ నుంచి పడిపోయే ప్రమాదంలో ఉన్న జట్టుకి మిడ్‌ఫీల్డర్ కుర్రాణ్ణి పంపను, ఎందుకంటే అక్కడ బంతి మిడ్‌ఫీల్డ్ మీదుగా వెళ్లదు, పైనుంచి వెళుతుంది, నాలుగు ఓటములు వచ్చాయంటే ముందుగా బయటికి వచ్చేది లోన్ మీద వచ్చినవాడే. రెండోది, కోచ్ కుర్చీ గట్టిగా ఉందా లేదా అన్నది. కోచ్ మారితే ఒప్పందం ఉంటుంది గానీ పిలిచిన మనిషి ఉండడు.

స్థానం సంగతి ఎందుకు అంత గట్టిగా అడగమంటున్నానో చెబుతాను. ఇటలీ మిడ్‌ఫీల్డర్ ఆంద్రియా పిర్లో కుర్రాడిగా ఉన్నప్పుడు అందరికంటే ముందుండే స్ట్రైకర్ వెనక ఆడే పది నంబర్ ఆటగాడు. 1998లో ఇంటర్ మిలాన్‌కి వెళ్లాడు, అక్కడ నిలబడలేకపోయాడు, రెజ్జీనాకి లోన్ మీద వెళ్లాడు, మళ్లీ 2001 మొదట్లో తన పాత జట్టు బ్రెషియాకి లోన్. అక్కడ పది నంబర్ స్థానంలో ఇటలీ పెద్ద స్టార్ రొబెర్టో బాజ్జో ఉన్నాడు, ఆయన్ని కదిలించే ప్రశ్నే లేదు. దాంతో కోచ్ కార్లో మాట్సోనె పిర్లోని డిఫెండర్ల ముందు, బాగా కిందికి దించి ఆడించాడు. ప్రపంచానికి తెలిసిన పిర్లో ఆ కొద్ది నెలల్లోనే పుట్టాడు. అంటే స్థానం మారకూడదని కాదు. ఆటగాడి బలాన్ని చూసి మార్చడం వేరు, ఖాళీ పూడ్చడానికి మార్చడం వేరు. ఆ తేడా మాటల్లోనే పట్టుకోవచ్చు. "మీవాడు కింద ఆడితే బంతి వాడి ద్వారానే పైకి వెళుతుంది, అందుకు కావాలి" అని కోచ్ అంటే సంతోషంగా పంపండి. "మంచి కుర్రాడు, ఎక్కడ పెట్టినా ఆడతాడు" అంటే అది పొగడ్త అనుకోకండి. రెండు నెలలు తిరిగేసరికి కుడి పక్క డిఫెండర్‌గా, రైట్‌బ్యాక్‌గా కనిపిస్తాడు.

నాకు సరిగ్గా అదే జరిగింది. 20 ఏళ్లప్పుడు నేనున్న పెద్ద క్లబ్‌లో ఒకటిన్నర సీజన్ బెంచ్ మీద గడిపాను. మొదట ఒక చిన్న జట్టు పిలిచింది, వాళ్ల కోచ్ స్వయంగా ఫోన్ చేసి నన్ను మధ్యలోనే ఆడిస్తానన్నాడు. పేరు లేని జట్టని నేను వద్దన్నాను. ఆరు నెలల తర్వాత ఇంకాస్త పేరున్న జట్టుకి వెళ్లాను, అక్కడ ఎవరూ నాతో స్థానం గురించి మాట్లాడలేదు, నేనూ అడగలేదు. సీజన్ అంతా ఎడమ వైపు గీత వెంబడి పరిగెత్తాను. తిరిగొచ్చాక మా క్లబ్ వాళ్లు నా మ్యాచ్‌లు చూసి, వేగం చాలదని రాసుకుని కాంట్రాక్ట్ పొడిగించలేదు. వింగర్‌కి చాలని వేగం నాకు నిజంగానే లేదు, నేను వింగర్‌ని కాదు కదా. ఆ మాట చెప్పుకునే చోటు కూడా నాకు మిగల్లేదు. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ మొదటి ఫోన్ గుర్తొస్తే గొంతు పట్టుకున్నట్టు ఉంటుంది, అందుకే మీకు ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ఇక కాగితాల విషయం. ఫిఫా నిబంధనల ప్రకారం ఒక సీజన్‌లో ఆటగాడు మూడు క్లబ్‌లలో నమోదు కావచ్చు, కానీ అధికారిక మ్యాచ్‌లు రెండు క్లబ్‌లకే ఆడాలి. కొన్ని చోట్ల సీజన్‌లు వేరే నెలల్లో మొదలవుతాయి కాబట్టి దానికో మినహాయింపు ఉంది, మామూలుగా మాత్రం ఇదే లెక్క. మీ తమ్ముడు ఇప్పటికే సొంత క్లబ్‌కి నాలుగుసార్లు దిగాడు, అవి లీగ్ మ్యాచ్‌లే కాబట్టి ఒక క్లబ్ లెక్కలోకి వచ్చేసింది. లోన్ జట్టుకి ఒక్క నిమిషం ఆడినా రెండోది అయిపోతుంది. అక్కడ కుదరకపోతే ఈ సీజన్‌లో మూడో చోటికి వెళ్లి ఆడే వీలు లేదు, వెనక్కి రావడం ఒక్కటే దారి. కాబట్టి ఎంచుకునే అవకాశం ఒక్కసారే. మధ్యలో వెనక్కి పిలిపించుకునే షరతు ఒప్పందంలో ఉందో లేదో ఏజెంట్‌ని అడగండి. ఇన్ని మ్యాచ్‌లు ఆడించకపోతే తీసుకున్న క్లబ్ జీతంలో ఎక్కువ వాటా కట్టాలన్న షరతు కొన్ని ఒప్పందాల్లో పెడతారు, అది ఉంటే మంచిదే, కానీ డబ్బుకి భయపడి ఏ కోచ్ కూడా నమ్మనివాణ్ణి ఆడించడు, దాని మీద మరీ ఆశ పెట్టుకోకండి.

కాగితాల్లో నేను అన్నింటికంటే ముందు చూసేది అసలు కాంట్రాక్ట్ ఇంకా ఎంతకాలం ఉందన్నది. మీరు ఆ సంగతి రాయలేదు. ఏడాదిన్నర కంటే తక్కువ మిగిలి ఉంటే, లోన్‌కి ముందే పొడిగింపు అడగమనండి. కొత్త కాంట్రాక్ట్ ఇచ్చి లోన్ మీద పంపే క్లబ్ ఆ అబ్బాయిని తిరిగి తీసుకోవాలనే పంపుతోంది. పొడిగింపు మాటెత్తగానే "ముందు వెళ్లి రానీ, తర్వాత చూద్దాం" అన్నారంటే మీ నాన్నగారి అనుమానంలో కొంత నిజం ఉన్నట్టే. అలా అయినా సరే వెళ్లమనే చెబుతాను, అప్పుడు ఆ మ్యాచ్‌లన్నీ అతనికి తర్వాతి క్లబ్ కోసం చూపించుకునే పని అవుతాయి. బెల్జియం మిడ్‌ఫీల్డర్ కెవిన్ డి బ్రుయ్నే ఇంగ్లండ్ క్లబ్ చెల్సీ నుంచి జర్మనీలోని 2012-13లో వెర్డర్ బ్రెమెన్‌కి లోన్ మీద వెళ్లి లీగ్‌లో పది గోల్స్ కొట్టాడు. తిరిగొస్తే చెల్సీలో ఆ సీజన్ లీగ్‌లో మూడే మ్యాచ్‌లు దక్కాయి. 2014 జనవరిలో వోల్ఫ్స్‌బర్గ్‌కి వెళ్లిపోయాడు, జర్మనీలో అతని ఆట అప్పటికే అందరూ చూసి ఉన్నారు కాబట్టి వాళ్లకి సందేహం లేదు.

ఒంటి సంగతి మర్చిపోకండి. మిడ్‌ఫీల్డర్ ఒక మ్యాచ్‌లో మామూలుగా 10 నుంచి 12 కిలోమీటర్లు తిరుగుతాడు, అందులో ఆగడాలూ మలుపులూ లెక్కలేనన్ని. ఇన్నాళ్లూ గంట కూడా ఆడని కాళ్లు ఒక్కసారిగా వారానికి రెండు మ్యాచ్‌లు మోయలేవు, వెనక తొడ కండరం ముందుగా పట్టేస్తుంది. ఎక్కువ ఆడినా ఇదే ప్రమాదం. స్పెయిన్ మిడ్‌ఫీల్డర్ పెద్రి 2020-21లో బార్సిలోనాకి 52 మ్యాచ్‌లు ఆడాడు, యూరో, ఒలింపిక్స్‌తో కలిపి స్పెయిన్ జట్ల తరఫున ఆడినవి కూడా చేర్చితే 73. 18 ఏళ్ల పిల్లవాడు. ఆ మరుసటి సీజన్‌లో తొడ కండరం గాయాలతో బార్సిలోనాకి 22 మ్యాచ్‌లే ఆడగలిగాడు. అంత చిన్నవాణ్ణి అన్ని మ్యాచ్‌లు ఆడనివ్వడం తప్పని నేను అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. మీ తమ్ముడి విషయంలో చేయాల్సింది చిన్నదే. సొంత క్లబ్ ఫిట్‌నెస్ కోచ్ దగ్గర అతని పరుగుల లెక్కలన్నీ ఉంటాయి, అవి కొత్త క్లబ్‌కి చేరాయో లేదో అబ్బాయే అడిగి తెలుసుకోవాలి. మొదటి మూడు వారాల్లో అరవై, డెబ్భై నిమిషాలకి బయటికి పిలిస్తే ముఖం ముడుచుకోకూడదు.

వెళ్లాక ఏం చేయాలో అతనికి మీరే చెప్పండి, మీ మాట వింటాడని రాశారు కదా. మొదటి మ్యాచ్‌లలో అందమైన పాస్‌ల కోసం వెతకొద్దు. కింది డివిజన్ మైదానాల మీద బంతి గెంతుతుంది, తలతో కొట్టిన బంతి కింద పడే చోట ఎవరు ముందుంటారన్నదే సగం ఆట. ఆ పడిన బంతులు నాలుగు గెలిస్తే తోటివాళ్లు అతనికి పాస్ ఇవ్వడం మొదలుపెడతారు, అంతవరకు ఇవ్వరు. మైదానంలో నోరు విప్పి మాట్లాడాలి, "వెనక మనిషి", "తిరుగు", "వదిలేయ్" లాంటి చిన్న మాటలే. పెద్దవాళ్ల మీద అరవడానికి కుర్రాళ్లు మొహమాటపడతారు, కానీ ఆ పెద్దవాళ్లకి కావలసింది కూడా అదే, వాళ్ల వీపు వెనక ఏముందో చెప్పే గొంతు.

ఇంట్లో మీరు చేయగలిగింది ఇంకొకటి ఉంది. మ్యాచ్ అయిన రాత్రి ఆట గురించి అడగొద్దు. తిన్నావా, నిద్రపోయావా అని అడగండి చాలు. ఎవరూ తెలియని ఊళ్లో 19 ఏళ్ల పిల్లవాడు ఒంటరిగా గదికి తిరిగొచ్చి, తప్పిన ఒక్క పాస్‌ని యాభైసార్లు మనసులో ఆడించుకుంటూ ఉంటాడు. మర్నాడు మధ్యాహ్నం అతనే చెప్పడం మొదలుపెడతాడు.

ఆటగాళ్లు క్లబ్ మారడానికి ఉండే ట్రాన్స్‌ఫర్ గడువు ఇంకా కొన్ని రోజులు ఉంది కాబట్టి తొందరేమీ లేదు. ఈ వారంలో ఆ జట్టు ఆడిన చివరి మూడు మ్యాచ్‌ల వీడియోలు సంపాదించండి, మీరూ తమ్ముడూ కూర్చుని చూడండి. గోల్‌కీపర్ దగ్గరనుంచి బంతి మిడ్‌ఫీల్డ్‌కి ఎన్నిసార్లు వస్తోంది, ఎన్నిసార్లు నెత్తి మీదనుంచి పోతోంది, ఇప్పుడు ఆ స్థానంలో ఆడుతున్నది ఎవరు, అసలు ఆడేవాడు గాయంతో బయట ఉంటే ఎప్పుడు తిరిగొస్తాడు, ఎవరితో పోటీ పడాలి, ఇవన్నీ కాగితం మీద రాసుకోమనండి. తర్వాత ఏజెంట్ ద్వారా కాకుండా అబ్బాయినే ఆ కోచ్‌కి ఫోన్ చేయమనండి, ఆ కాగితం చేతిలో పెట్టుకుని. కోచ్ ఏమన్నాడో, కాంట్రాక్ట్ ఎంత మిగిలిందో నాకు రాయండి, మిగతాది అప్పుడు మాట్లాడుకుందాం.